చెయ్యెరిగిన పత్తి

జమ్ములమ్మను చంపింది కంపెనీ. బీచుపల్లికి ఇందులో అనుమానం లేదు, ఎవరితోనూ వాదన లేదు. నల్లదిన్నె టీకొట్టు దగ్గర ఎవరైనా "పాపం, రోగమొచ్చి పాయె" అంటే గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయేవాడు. రోగం ఎవరికైనా వస్తుంది. రోగమొచ్చిన మనిషిని చేనుకు కట్టేసింది ఏది? కంపెనీ విత్తనం. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆ విత్తనం ఊళ్లోకి వచ్చి ఆరేళ్లు.

కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డలో పత్తిని దూది కోసం కాదు, విత్తనం కోసం పండిస్తారు. అది పూర్తిగా చేతిపని. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే కనిపెట్టి, రేకులు గిల్లి, లోపలి మగకేసరాలను గోటితో ఒలిచి, ఎర్రకాగితం గొట్టం తొడగాలి. తెల్లారి ఎండ ముదరకముందే, పుప్పొడి కోసమే వేసిన మగచేనులో పూలు కోసుకొచ్చి, గొట్టం తీసి, ఆ పుప్పొడిని దీనికి రాయాలి. ప్రతి పువ్వుకూ ఇదే పని. పూటకు వెయ్యి పూలు. అట్లా రెండు నెలలు. చిన్న వేళ్లయితే చురుగ్గా సాగుతుందని ఒకప్పుడు బడి మాన్పించి పిల్లలను తోలుకొచ్చేవాళ్లు. ఆ సంగతి పేపర్లకెక్కింది. దేశం బయట మన దూది కొనేవాళ్లు ముఖం తిప్పుకున్నారు. పిల్లల చెయ్యి పడని పత్తి కావాలన్నారు. పడలేదని రుజువు కూడా కావాలన్నారు.

పట్నంలో హరితసూత్ర అనే విత్తనాల కంపెనీ ఆ రుజువును మొక్కలోనే పెట్టింది.

సవారన్న ఒక కుండీ తెచ్చి బీచుపల్లి అరుగు మీద పెట్టాడు. కంపెనీకీ రైతులకూ నడిమి మనిషి అతను. ఆర్గనైజర్ అంటారు. వరసకు అల్లుడు. నోరు పెద్దది. కుండీలో పత్తిమొక్క, దానికి రెండు పూలు. ఒకదాన్ని తనే వేళ్లతో అటూ ఇటూ తిప్పి వదిలాడు.

"ఇప్పుడు ఆ రెండోది నువ్వు ముట్టుకో మామా."

బీచుపల్లి ముట్టుకున్నాడు. జమ్ములమ్మ టీ తెచ్చింది. వాళ్లు టీ తాగేలోగా ఆ పువ్వు మెడ వాల్చింది. ఆమె గ్లాసులు కడిగి బోర్లించేలోగా రాలిపోయింది. సవారన్న ముట్టుకున్నది మాత్రం చెక్కుచెదరలేదు.

"చూస్తివా, నీ మొకం చూసి రాలిపాయె."

"నా మొకం చూసి మీ అత్త ముప్పై ఏండ్లాయె, రాలలేదు గదరా!"

జమ్ములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మనిషి మనిషికీ అరచేతి చెమటలో ఒక్కో వాసన ఉంటుందని, అది మన ముక్కుకు అందదు గానీ మొక్కకు అందేట్టు చేశారని సవారన్న చెప్పాడు. మొలక రెండాకులు విప్పిన నాటినుంచి తొమ్మిది రోజులు ఏ చెయ్యి దాన్ని నిమిరితే, ఇక పంటకాలమంతా ఆ చేతినే ఒప్పుకుంటుంది. వేరే చెయ్యి పడితే పువ్వు వదిలేస్తుంది. ఎరిగిన చెయ్యి మూడు రోజులు కనబడకపోతే పూత మొత్తం రాల్చేస్తుంది.

"తెలిసిన చెయ్యి పడితేనే చేపే ఆవు లెక్కన్న మాట," అన్నాడు బీచుపల్లి.

"అంతే మామా. ఆవుకు గడ్డేస్తే చాలు. దీనికి మనిషే కావాలె. అందుకే ధర రెండింతలు ఇస్తరు. ఇగ చెప్పు, ఎవరి చెయ్యి రాయాలె? పాసుబుక్కు నీ పేరు మీదుంది, నీదే రాయనా?"

బీచుపల్లి లెక్క వేసుకున్నాడు. రెండు నెలలు చేను దాటి పోరాదు. గద్వాల సంత ఉండదు, టీకొట్టు ఉండదు, పెళ్లిపేరంటం ఉండదు.

"మా ఇంట్ల విత్తు ఇల్లాలి చేతి మీదనే పడతది. మా అవ్వ నాటినుంచి అంతే. ఆడమనిషి చెయ్యి చలువ. ఆమెది రాసుకో."

అది నిజమే. ఆ ఇంట్లో ఏ పంటకైనా మొదటి పిడికెడు గింజలు ఇల్లాలే చల్లుతుంది. ఆ తర్వాత చేనంతా మగవాళ్లే విత్తుతారు. ఈ రెండో సగం అతను చెప్పలేదు.

"మొదటి పిడికెడే గదయ్యా," అంది జమ్ములమ్మ గడపలోంచి.

"పిడికెడైతే ఏంది, చేనైతే ఏంది? చెయ్యి చెయ్యే."

మర్నాడు పట్నం నుంచి ఇద్దరు వచ్చారు. ఆమె అరచేతిలోంచి గోరంత తోలు గీరి చిన్న సీసాలో వేసుకున్నారు. ఎందుకని అడిగితే, గుర్తుకు దాచిపెడతామన్నారు. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. చేను గట్టు మీద ఒక కమ్మి పాతి, దాని నెత్తిన కెమెరా పెట్టారు. దానికి కళ్లే గానీ చెవులు లేవు. చేతులు ఎట్లా ఆడుతున్నాయో చూడటానికేనట.

మూడేళ్లు తిరిగేసరికి నల్లదిన్నెలో ఇంటింటికీ ఎరికపత్తి వచ్చింది. పేరు జనమే పెట్టుకున్నారు. పుణేకీ బొంబాయికీ మట్టిపనికి పోయే బస్సు ఊళ్లోకి రావడం మానేసింది. రేకుల కప్పులు పోయి స్లాబులు లేచాయి. ఆ కప్పుల కింద ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి చేనుకు కట్టుబడి ఉండేది. చేతిమనిషి అనేవాళ్లు. చేతిమనిషి సబ్బు ముట్టరాదు, బామ్ రాసుకోరాదు, ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోరాదు. సంబంధాలు మాట్లాడేటప్పుడు "పిల్ల చెయ్యి ఖాళీగుందా, చేనుకు రాసిండ్రా?" అని ముందే అడిగేవాళ్లు. కొడుకు చచ్చినా చేతిమనిషి మూడోరోజు పొద్దుటికి సాలులో నిలబడాల్సిందే. కూలికి వేరేవాళ్లను పెట్టే దారి లేదు. పంట నడుమ భూమి అమ్మే దారీ లేదు. కొన్నవాడి చెయ్యిని మొక్క ఒప్పుకోదు. పల్లె కడుపు నిండింది. కాళ్లు పోయాయి.

రాయచూరులో అక్క కూతురి పెళ్లికి జమ్ములమ్మ పోలేదు. బీచుపల్లి పోయి, భక్ష్యాలు కాగితంలో చుట్టి తెచ్చాడు. అయిజలో తమ్ముడు పోతే దినవారాలకు కూడా అతనే పోయాడు. తిరిగే కాళ్లు అతనివి, నాటుకున్న చేతులు ఆమెవి.

ఆమె చేతులు మాత్రం ఊళ్లో ఎవరికీ లేవు. పువ్వుకు పుప్పొడి రాసి వదలగానే బొటనవేలు చూపుడువేలితో ఒక్కసారి రుద్దేది, అంటిన దుమ్ము దులిపినట్టు. ఆ వెంటనే రెండో పువ్వు. ఆమె చేనులో రాలిన పువ్వు వెతికినా దొరికేది కాదు. కంపెనీవాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుపోయేవాళ్లు.

"నీకంటే నీ పెండ్లాన్నే ఎక్కువ నమ్ముతరు మామా ఆ పట్నపోళ్లు," అనేవాడు సవారన్న.

"నమ్మనీ. నాకు పని తప్పింది."

ఆరో ఏట నొప్పి మొదలైంది. ఎడమ డొక్కలో. సాలులో నడుస్తూ నడుస్తూ ఆగి, అరచెయ్యి డొక్కకు నొక్కి పట్టుకుని, మళ్లీ నడిచేది. ఊరి ఆర్‌ఎంపీ గోళీలిచ్చాడు. కూతురు నాగవేణి పట్నంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఒక ఆదివారం వచ్చి, పొద్దున పుప్పొడి పని అయిపోగానే తల్లిని గద్వాల తీసుకుపోయి స్కానింగు తీయించి, సాయంత్రం మొగ్గల వేళకు దించిపోయింది. ఆ కాగితాలు పట్నం పెద్దాసుపత్రిలో చూపించింది.

ఆ మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఫోను చేసింది. బీచుపల్లి గట్టు మీద, కెమెరా కమ్మి పక్కన నిలబడి ఉన్నాడు. జమ్ములమ్మ రెండు సాళ్ల అవతల మొగ్గలు గిల్లుతోంది.

"నాయనా, ఎల్లుండి బెడ్డు దొరికింది. గడ్డ పెద్దగైందంట, ఆపరేషను ఆలస్యం చేయొద్దన్నరు. రేపు అమ్మను బస్సెక్కించు. నేను దించుకుంట."

"ఎల్లుండా?"

"మళ్లీ నెల దాంక దొరకదంట. అమ్మకియ్యి, మాట్లాడత."

జమ్ములమ్మ అప్పటికే వినింది. లేచి నిలబడి, సాలు మీదుగా వంగి చెయ్యి చాచింది. అరచెయ్యి పైకి. మొగ్గల పసరుతో వేళ్లు పచ్చగా ఉన్నాయి.

బీచుపల్లి ముఖం అటు తిప్పుకున్నాడు.

"మీ అమ్మే రానంటుందమ్మా. చేను ఒడిసినంక వస్తదంట. ఇంక ఇరవై రెండు దినాలే."

నాగవేణి ఏదో అరిచింది. అతను ఫోను కట్టేశాడు. తిరిగి చూస్తే ఆ చెయ్యి ఇంకా చాచే ఉంది.

"నేనెప్పుడు రానంటి?" అంది ఆమె.

"అయితే పో. ఈ పూతంతా ఎవడు చూస్తడు? నా చెయ్యి చెల్లదు, నీ బిడ్డ చెయ్యి చెల్లదు. ఏడాది కష్టం మూడు దినాల్ల మట్టిపాలైతది. పో, పొమ్మంటున్న గద!"

ఆమె చెయ్యి దించింది. బొటనవేలు చూపుడువేలితో రుద్దుకుంది.

"ఇరవై రెండే గద," అంది. ఎవరితో అందో తెలియదు. మళ్లీ సాలులోకి వంగింది.

పదిహేనో రోజు పొద్దున పది గంటలకు బీచుపల్లి టీకొట్టు దగ్గర ఉన్నాడు. సవారన్న బండి మీద వచ్చి, దిగకుండానే అన్నాడు.

"మామా, కంపెనీ నుంచి ఫోనొచ్చింది. అత్త చెయ్యి అరగంట నుంచి కదుల్తలేదంట."

ఆమె సాలులో పక్కకు ఒరిగి పడి ఉంది. ఒంటి మీద ఎండ పడుతోంది. చెయ్యి ఒకటి పైన కొమ్మకు తగిలి ఆగింది. ఆ కొమ్మకున్న పూలు మర్నాటిదాకా రాలలేదు. అది చూసినవాళ్లు ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు.

ఆమెను మట్టి చేసి వచ్చిన మర్నాడు సవారన్న ఒక స్టీలు డబ్బా పట్టుకుని గడపలో నిలబడ్డాడు. నాగవేణి లోపల గోడకానుకుని కూర్చుంది. జమ్ములమ్మ చెయ్యి ఆగి అప్పటికి నలభై ఎనిమిది గంటలైంది. చేనులో పూత వాడుముఖం పట్టింది.

"మామా, తప్పుగ అనుకోవద్దు. ఇంక అయిదు దినాలే ఉండె. ఇవి వేసుకుంటే చేను దక్కుతది."

డబ్బాలో గోరువెచ్చని నీళ్లలాంటి ద్రవం. అందులో ఒక జత తొడుగులు తేలుతున్నాయి. గుడ్డు పెంకు లోపలి పొరలాగా పలచగా, చామనఛాయగా ఉన్నాయి.

"ఇవేంటివిరా?"

"అత్త చేతులే. గుర్తుకని అప్పుడు తోలు తీస్తిరి గద, దాన్ని పెంచిండ్రంట."

"పెంచిండ్రా? కోడిపిల్లనా పెంచనీకి?"

"నాకేం ఎరిక మామా. తెచ్చియ్యమన్నరు, తెచ్చిన."

నాగవేణి లేచి పెరట్లోకి పోయింది. బీచుపల్లి డబ్బా తీసుకుని చేనుకు పోయాడు.

తొడుక్కుంటే ఆమె చెయ్యే. వెచ్చగా ఉంది. గీతలు మాత్రం లేవు. ఆయుష్షు గీత లేదు, ఏ గీతా లేదు. పసిబిడ్డకైనా ఉంటాయి.

మొదటి సాలులో అరవై పూలు గోటితో చీల్చి పాడుచేశాడు. ఆరేళ్లుగా గట్టు మీద నిలబడి చూసిన పని. చూడటం వేరు. మధ్యాహ్నానికి నడుం వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. చేను మాత్రం అతన్ని నమ్మింది. తొడుగు తగిలిన చోటల్లా వాలిన మెడలు లేచాయి. పువ్వు తర్వాత పువ్వు నిలబడింది. జమ్ములమ్మ వచ్చిందనుకుంది చేను. దానికి అంతకంటే తెలియదు.

మూడోరోజు మోటారు కొట్టంలో నీడకు పడుకున్నాడు. ఒళ్లు కాలుతోంది. ఏమనుకున్నాడో, తొడుగుతోనే చెయ్యి నుదుటి మీద పెట్టుకున్నాడు. ఒక ఏడు చలిజ్వరం వచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చుని ఇట్లాగే పెట్టింది. ఇదే బరువు, ఇదే వెచ్చన. కళ్లు మూసుకుంటే తేడా లేదు. అదిరిపడి లేచి, తొడుగులు ఊడబెరికి డబ్బాలో పడేసి మూత బిగించాడు. మిగిలిన రెండు రోజులూ వాటిని వేసుకున్నంతసేపూ చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని తిరిగాడు.

పంట దక్కింది. దినకర్మలయ్యాక నాగవేణి పోతూ పోతూ గడపలో ఆగింది.

"అమ్మ అట్ల మొండికేసే మనిషి కాదు నాయనా."

"కంపెనీ చంపిందమ్మా మీ అమ్మను."

"అది కాదు నేనంటున్నది."

"నేననేది అదే."

మాఘమాసంలో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఒక సంతకం కావాలన్నారు. బీచుపల్లి బస్సెక్కి పట్నం పోయాడు. నాగవేణి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి బస్టాండుకొచ్చింది. ఇద్దరూ ఆటోలో గంటసేపు పోయారు. ఊరి చివర వరిపొలాల మధ్య గాజుతో కట్టిన ఒక పెద్ద షెడ్డు ముందు ఆటో ఆగింది.

లోపల డాక్టర్ ప్రణతి అనే ఆవిడ ఎదురొచ్చింది. నలభై దాటి ఉండవు. కళ్ల కింద నలుపు. మొక్కకు చెయ్యి ఎరిగే గుణాన్ని తెచ్చినవాళ్లలో తానూ ఒకతెనని ఆమే చెప్పింది.

"పిల్లల్ని చేల నుంచి తప్పించాలని మొదలుపెట్టామండీ," అంది. ఎవరూ అడగకుండానే అంది.

గాజు తలుపు తెరుచుకుంది. నల్లదిన్నె చేలన్నీ కలిపితే ఎంతో అంత పత్తి ఉంది లోపల. ఎండాకాలం, వానాకాలం లేని చేను. సాళ్ల మధ్య మనిషన్నవాడు లేడు. పట్టాల మీద ఇనుపచేతులు కదులుతున్నాయి. నాలుగు వందలు. ఒక్కోదాని చివర మణికట్టు దాకా చామనఛాయ తోలు. మొగ్గ గిల్లడం, ఒలవడం, పుప్పొడి రాయడం. రాసిన ప్రతిసారీ ఆ చెయ్యి బొటనవేలు చూపుడువేలితో ఒక్కసారి రుద్దుకుంటోంది. ఆ వెంటనే రెండో పువ్వు. నాలుగు వందల చేతులు, ఒకే రుద్దు. షెడ్డంతా గడ్డి మీద చినుకు పడుతున్నట్టు సన్నటి చప్పుడు.

నాగవేణి అరచేత్తో నోరు మూసుకుంది.

"చేనులో కెమెరాలు తీసిన ఫిల్ములు చూపించి వీటికి పని నేర్పాం," అంది ప్రణతి. "అన్ని ఊళ్ల ఫిల్ములూ చూశాం. మీ ఆవిడ చేతుల్లాంటివి లేవు. ఆ తోలుకు మొక్క ఎంత ఒప్పుకుంటుందంటే, నూటికి ఒక్క పువ్వు కూడా రాలదు."

"ఎప్పుడు ఆగుతవి ఇవి?" అన్నాడు బీచుపల్లి.

"ఆగవండీ. పూత ఆగదు కదా ఇక్కడ."

బీచుపల్లి చాలాసేపు చూశాడు. ముప్పై ఆరేళ్లలో జమ్ములమ్మ కూర్చుని ఉండగా చూసింది తక్కువ. చచ్చినాకైనా కూర్చుంటుందనుకున్నాడు.

"మరి మా ఊరికి విత్తనం?"

ప్రణతి తల దించుకుంది. "వచ్చే వానాకాలం నుంచి ఊళ్లకు ఇవ్వరండీ. ఇక్కడే అయిపోతుంది."

ఆరేళ్లు గుంజకు కట్టేసిన ఎద్దు. ఇప్పుడు తాడు కోశారు. గడ్డి మోపు కూడా ఎత్తుకుపోయారు. పుణే బస్సు మళ్లీ ఊళ్లోకి వస్తుంది. మట్టిపని మరిచిన చేతులు మళ్లీ తట్టలెత్తాలి.

"ఇదిగో, దీనికోసమే మిమ్మల్ని రమ్మన్నది నేను," అని ప్రణతి గొంతు తగ్గించి ఒక కాగితం చూపించింది. "ఆవిడ తోలు ఇచ్చింది గుర్తు కోసం. దీనికి కాదు. అందుకని చట్టం ఇంటివాళ్లను ఒక్క మాట అడుగుతుంది. ఆవిడ చివరిదాకా తన ఇష్టంతోనే చేనులో పనిచేసిందని మీరు రాస్తే, ఆ పాత వేలిముద్ర చెల్లుతుంది. ఇవి నడుస్తాయి. కాదు, ఆసుపత్రికి పోతానన్నా పోనివ్వలేదు, ఎవరో ఆపారని రాస్తే చెల్లదు. అన్నీ ఆపేయాలి. ఈ తోలంతా మీకు అప్పగించాలి. మీరు మట్టి చేసుకోవచ్చు."

"ఆపింది ఎవరైనా సరేనా?" అని నాగవేణి అడిగింది.

"ఎవరైనా సరే. పేరు రాయాలి. కళ్లారా చూసిన ఇంటివాళ్లే రాయాలి. మేం రాయడానికి లేదు."

అప్పుడు వాళ్లకు దగ్గరగా ఉన్న సాలులో ఒక చెయ్యి ఆగింది. రుద్దుకోవలసినది రుద్దుకోలేదు. పువ్వును వదిలి, సాలు మీదుగా ముందుకు వచ్చింది. అరచెయ్యి పైకి తిరిగింది. అట్లాగే చాచి ఉంది, ఎవరో ఏదో ఇవ్వాలన్నట్టు. గీతల్లేని అరచెయ్యి.

"ఇదొక్కటి మాకు అర్థం కాదండీ," అంది ప్రణతి. "పనిలో భాగం కాదిది. మేం నేర్పలేదు. ఫిల్ముల్లోనే ఎక్కడో చూసి పట్టుకుంది. రోజుకు నాలుగైదుసార్లు ఏదో ఒక చెయ్యి ఇట్లా చాస్తుంది. కొంచెంసేపు చూసి మళ్లీ పనిలోకి పోతుంది. తీసేయాలని చూశాం, పోలేదు. మీకేమైనా తెలుసా? ఆవిడ ఎప్పుడైనా ఇట్లా..."

నాగవేణి ఆ చేతిని చూసింది. తండ్రిని చూసింది.

"నాయనా. ఆ దినం నేను ఫోను అమ్మకియ్యమంటి."

బీచుపల్లి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"అమ్మ యాడుండె అప్పుడు?"

చెయ్యి చాచే ఉంది. అతను ఒక్క అడుగు వెనక్కి వేశాడు. వెనక గాజు గోడ తగిలింది.

"అమ్మ నిజంగ రానన్నదా నాయనా? ఆమె నోటితో అన్నదా?"

ఒక్క మాట. నోట్లో ఉంది. కక్కితే నాలుగు వందల చేతులూ ఆగిపోతాయి. ఆమెను మళ్లీ మట్టి చేసుకోవచ్చు, ఈసారి చేతులతో సహా. మరి ఆ మాట తర్వాత? కంపెనీ చంపిందన్న మాట ఇక ఉండదు. ఈ పిల్ల ముఖం ఇట్లా ఉండదు. టీకొట్టు దగ్గర గ్లాసు కింద పెట్టి లేచిపోవడానికి కారణం ఉండదు. ఎటు తిరిగినా గాజే.

చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. బొటనవేలు చూపుడువేలితో రుద్దుకుని రెండో పువ్వు అందుకుంది.

"నాకేం ఎరికలేదు," అన్నాడు బీచుపల్లి. "కాగితం ఇటియ్యి."

ప్రణతి కలం ఇచ్చింది, కానీ వెంటనే వదల్లేదు. "ఇంకోసారి ఆలోచించండి. మళ్లీ అడగరు."

"అడగొద్దనే."

తన ఇష్టంతోనే పనిచేసింది అన్నచోట సంతకం పెట్టాడు. బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు.

బస్టాండు దాకా నాగవేణి రాలేదు. షెడ్డు బయట గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆటో కదిలాక అతను తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఆమె ఫోను చేయలేదు. అతనూ చేయలేదు.

వానలు పడ్డాయి. సవారన్న ఈసారి విత్తనం తేలేదు, కుండీ తేలేదు. బండి అమ్ముకున్నాడు. నల్లదిన్నెలో కొందరు కంది వేశారు, కొందరు చేను బీడు పెట్టి పుణే బస్సెక్కారు. సబ్బుతో కడుక్కోవచ్చు ఇప్పుడు చేతులు, గోరింటాకు పెట్టుకోవచ్చు. బీచుపల్లి తన పదిహేను గుంటల చేను తానే విత్తాడు, మొదటి పిడికెడు నుంచి.

జమ్ములమ్మను చంపింది కంపెనీ అని ఇదివరకు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. ఇప్పుడు అదీ చెప్పడు. ఆ మాట ఎత్తితే దాని వెనకే ఇంకో మాట వస్తుంది.

ఒక సాయంత్రం టీకొట్టు దగ్గర సవారన్న పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పట్నంల అత్త చేతులు పెట్టిండ్రంట గద మామా. అందరంటుండ్రు. చూసినవా? ఎట్లున్నవి?"

టీ పోసే మనిషి గిన్నె దించి చెవి ఇటు పెట్టాడు. బీచుపల్లి ఈసారి లేచిపోలేదు. గ్లాసు కింద పెట్టలేదు. చివరి గుక్క దాకా తాగి, సవారన్న ముఖంలోకి చూశాడు.

"ఇనురా అల్లుడా. ఇయ్యాల అడిగినవ్, సరే. ఇంక నా ఊపిరున్నంత కాలం ఆ మాట నా ముందట ఎవడూ ఎత్తొద్దు. నేనూ ఎత్త."